చెక్కక విడిచిన సౌందర్యము: కొరియా శిల్పి కిమ్ జోంగ్ యంగ్

శిల్పమును గూర్చి రేడియోలో మాట్లాడుట కొంచెము సాహసమే. సంగీతమునకు చెవి చాలును. నాటకమునకు కూడ చెవియే చాలునని మన శ్రోతలు ఎన్నడో నిరూపించియున్నారు. శిల్పము మాత్రము కంటియెదుట నిలిచియుండవలెను. వీలైనచో దానిచుట్టు ఒకసారి తిరిగి చూడవలెను. అట్టి వస్తువును వట్టి మాటలతో మీ యింటి ముందుగదిలోనికి తెచ్చి నిలుపుట నావంటివానికి సాధ్యము కాదు. అయినను నేడు నేను చెప్పబోవు శిల్పి విషయమున ఒక సౌకర్యమున్నది. ఒక రాతిలోగాని, కొయ్యలోగాని ఏమి చెక్కకుండ విడువవలెనో ఆయన జీవితమంతయు ఆలోచించెను. చెక్కని దానిని గూర్చి చెప్పుటకు మాటలు కొంతవరకు సరిపోవచ్చును.

ఆయన పేరు కిమ్ జోంగ్ యంగ్. కొరియనుల పేర్లలో మన తెలుగువారి పేర్లలో వలెనే ఇంటిపేరు మొదట వచ్చును. కిమ్ అనునది ఇంటిపేరు. జోంగ్ యంగ్ పెట్టిన పేరు. 1915లో జన్మించి 1982లో మరణించిన ఈయనను దక్షిణ కొరియాలో నైరూప్య శిల్పమునకు ఆద్యునిగా చెప్పుకొందురు. ఆయన తన కళాదర్శమునకు పెట్టుకొన్న పేరు బుల్గాక్. చెక్కకుండుట అని ఆ మాటకు అర్థము. తాను వ్రాసిన వ్రాతప్రతులపై, చెక్కని మార్గమున నడచువాడు అని అర్థమిచ్చు బిరుదుతో సంతకము చేయుట కూడ ఆయనకు అలవాటు. ఉలి పట్టి బ్రతుకువాడు చెక్కనని చెప్పుకొనుట, నాగలి పట్టినవాడు దున్ననని చెప్పినట్లు లేదా? ఈ చోద్యములోని అర్థము ఆయన చేసిన పనివలన కొంత తెలియును. ఆయన పనికి ఇతరుల చేతులలో జరిగిన అపచారమువలన మరికొంత తెలియును.

కిమ్ 1915 జూన్ 26న కొరియా దక్షిణ భాగమందలి ఛాంగ్‌వన్ అను ఊరిలో జన్మించెను. అప్పటికి అయిదేండ్ల క్రితమే, 1910లో, జపాను కొరియాను తన సామ్రాజ్యములో కలుపుకొనియుండెను. కావున ఆయన బాల్యము, యౌవనము పరపాలనలోనే గడచెను. తండ్రితాతలు చదువుకొన్నవారు. పురాతన చీనా గ్రంథములను పఠించుట, కుంచెతో అక్షరములు వ్రాయుట ఆ యింట తరతరముల అలవాటు. తండ్రి ఈ రెంటిని కుమారునకు చిన్ననాటనే నేర్పెను.

కుంచెవ్రాతను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. మనకు వ్రాత ముఖ్యముగా చదువుకొనుటకు సాధనము. అక్షరములు గుండ్రముగా కుదిరినచో దస్తూరి బాగున్నదని మెచ్చుకొని ఊరకుందుము. చీనా, కొరియా, జపాను దేశములలో వ్రాత చిత్రలేఖనముతో సమానమైన కళ. మెత్తని కుంచెను సిరాలో ముంచి, సిరాను తక్షణమే పీల్చుకొను కాగితముపై ఒక్క విసురున గీత గీయవలెను. గీసిన గీతను తుడుచుటకుగాని, దిద్దుటకుగాని వీలులేదు. ఎక్కడ లావు కావలెనో, ఎక్కడ సన్నగిల్లవలెనో, అన్నిటికంటె ముఖ్యముగా ఎక్కడ ఆగవలెనో చేయి ముందుగనే ఎరిగియుండవలెను. నల్లని గీతల నడుమ విడిచిన తెల్లనిచోటు కూడ వ్రాతలో భాగమే. ఈ విద్యలో బాలకుడు మంచి నేర్పు సంపాదించెను. 1932లో, సియోల్ నగరమందలి హ్వీమున్ పాఠశాలలో చదువుచుండగా, ఒక దినపత్రిక నిర్వహించిన విద్యార్థుల పోటీలో ఆయన కుంచెవ్రాతకు ప్రథమ బహుమతి లభించెను.

ఆ పాఠశాలలో చాంగ్ బాల్ అను చిత్రకారుడు ఉపాధ్యాయుడుగా ఉండెను. అమెరికాలో చదివి వచ్చిన ఈ గురువు బాలకుని శక్తిని గుర్తించి కళాభ్యాసమునకు ప్రోత్సహించెను. తత్ఫలితముగా కిమ్ 1936లో టోక్యో కళాశాలలో శిల్పవిభాగమున చేరి, 1941లో పట్టము పొందెను.

శిల్పవిద్య కొరకు కొరియా యువకుడు పాలకుల రాజధానికి పోవలసివచ్చుటకు కారణమున్నది. కొరియాలో శిల్పము లేకపోలేదు. ఎనిమిదవ శతాబ్దమున క్యంగ్‌జు సమీపమందలి కొండపై వెలసిన సొక్కురమ్ గుహాలయములో నల్లసేనపు బుద్ధమూర్తి ఆసియాఖండమునందే ఉత్తమ శిల్పములలో ఒకటి. కాని 1392 మొదలు అయిదు శతాబ్దములు ఏలిన చోసన్ రాజవంశము కన్ఫ్యూషియసు ధర్మమును ఆదరించి, బౌద్ధమును వెనుకకు నెట్టెను. విగ్రహములు చేయించువారు తగ్గిరి. శిల్పము వట్టి చేతిపనిగా ఎంచబడెను. చదువుకొన్న కుటుంబములవారు కుంచె పట్టుదురేగాని ఉలి పట్టుట గౌరవముగా భావించరైరి. ఆధునిక పద్ధతిలో శిల్పము నేర్చిన తొలి కొరియనుడు కిమ్ బోక్ జిన్. ఆయన కూడ టోక్యోలోనే చదివి, 1940లో నలువదేండ్లు నిండకుండగనే మరణించెను. పండితుల ఇంటబుట్టిన కిమ్ జోంగ్ యంగ్ ఉలి చేతబట్టుట ఆ నాటికి అంత సామాన్యమైన విషయము కాదు.

టోక్యోలో నేర్పినది ఐరోపా విద్యాలయముల పద్ధతి. నమూనాగా మనిషిని నిలిపి, చూచి, బంకమన్నుతో యథాతథముగా మూర్తిని మలచుట. ఈ పద్ధతిని ఆయన శ్రద్ధగా నేర్చెను. అయితే ఆయన మనస్సును ఆకర్షించినవారు ఐరోపాలో ఆ పద్ధతిని దాటి ముందుకు పోయిన శిల్పులు. ఫ్రెంచి శిల్పి బూర్దెల్ మూర్తులలోని కట్టుబాటు, రుమేనియా దేశస్థుడైన బ్రాంకూసి ఆకృతులలోని నిరాడంబరత్వము ఆయనకు గొప్ప పాఠములయ్యెను.

చదువు ముగిసి స్వదేశమునకు వచ్చునప్పటికి ప్రపంచ యుద్ధము తీవ్రమగుచుండెను. 1945 ఆగస్టు 15న జపాను లొంగిపోగా కొరియా విముక్తి పొందెను. కాని వెంటనే రెండుగా చీలెను. మరుసటి యేడు సియోల్ జాతీయ విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. అందలి లలితకళల కళాశాలకు తొలి అధిపతి పూర్వపు గురువైన చాంగ్ బాల్. 1948లో కిమ్ ఆ కళాశాలలో శిల్పాచార్యుడుగా చేరెను. రెండేండ్లు తిరుగకుండగనే, 1950 జూనులో, యుద్ధము వచ్చిపడెను. సియోల్ చేతులు మారెను, మరల మారెను. విశ్వవిద్యాలయము దక్షిణ తీరమందలి బూసాన్ రేవునకు తరలిపోయి, శరణార్థుల నడుమ తరగతులు నడపెను.

ఆ కష్టకాలముననే లండను నుండి ఒక పిలుపు వచ్చెను. అచ్చటి సమకాలీన కళల సంస్థ, అజ్ఞాత రాజకీయ ఖైదీ అను విషయముపై అంతర్జాతీయ శిల్పపు పోటీ నొకదానిని ప్రకటించెను. తమ విశ్వాసముల కొరకు పేరుకూడ మిగులకుండ చెరసాలలలో అంతరించినవారికి ఒక స్మారకమును రూపొందించుట దాని ఉద్దేశము. 57 దేశముల నుండి సుమారు 3,500 మంది శిల్పులు ముందుకు వచ్చిరి. 1953లో ప్రథమ బహుమతి ఆంగ్ల శిల్పి రెగ్ బట్లరుకు లభించెను. బార్బరా హెప్‌వర్త్, నౌమ్ గాబో వంటి ప్రసిద్ధులు ద్వితీయ బహుమతులు పొందినవారిలో ఉండిరి. యుద్ధభూమి నుండి కిమ్ పంపిన స్త్రీమూర్తి కూడ ఎంపికైన వాటిలో చేరెను. బట్లరు స్మారకము తుదకు నిర్మింపబడనేలేదు. అయినను ఒక కొరియా శిల్పి పని దేశము వెలుపల గణనకు వచ్చుట అదే మొదలు.

1953 జూలైలో కాల్పులు నిలిచినవి. ఆ సంవత్సరమే సియోల్‌లో రెండవ జాతీయ కళాప్రదర్శనము జరిగెను. మొదటిది 1949లో జరిగెను. నడుమ యుద్ధము వచ్చినందున నాలుగేండ్లు ఆగవలసివచ్చెను. ఈ ప్రదర్శనమున కిమ్ ఒక కొయ్యశిల్పమును ఉంచెను. దాని పేరు పక్షి. కొరియాలో ప్రదర్శింపబడిన తొలి నైరూప్య శిల్పమని నేడు దీనిని పేర్కొందురు. అందులో ఈకలను, గోళ్లను ఒక్కొక్కటిగా చెక్కి చూపు ప్రయత్నము లేదు. ఒక కొయ్యముక్క, దానిలో పైకి లేచు కదలిక, ఆ కదలికకు తగిన నునుపు, వంపు మాత్రమే ఉన్నవి.

ఇచ్చట శ్రోతలలో కొందరికి ఒక ప్రశ్న తోచవచ్చును. పక్షియని పేరుపెట్టి పక్షిని చూపకుండుట ఏమి న్యాయము? నైరూప్య శిల్పమనగా శిల్పికి చేతకానితనమునకు పెట్టిన అందమైన పేరా?

ఈ ప్రశ్నకు సమాధానము మన రేడియోలోనే ఉన్నది. ప్రొద్దుట ఒక విద్వాంసుడు తోడి రాగమును ఆలాపన చేయుచుండగా మనము వినుచుందుము. అందులో సాహిత్యము లేదు. అది కోకిల కూతను అనుకరించుట లేదు. నదీప్రవాహమును వర్ణించుట లేదు. అయినను ఇది దేనికి బొమ్మ అని మనలో ఎవరును అడుగరు. స్వరము స్వరమును ఎట్లు అందుకొనుచున్నదో, ఎక్కడ నిలిచి ఎక్కడ జారుచున్నదో విని ఆనందింతుము. రాగమునకు స్వరూపము లేదని దీని అర్థము కాదు. దాని స్వరూపము దానిదే. మరియొక వస్తువు నుండి ఎరువు తెచ్చుకొన్నది కాదు. నైరూప్య శిల్పమునకును రూపము లేకపోలేదు. ఇతర వస్తువుల పోలికను మాత్రము అది విడిచిపెట్టినది. బరువు, బోలు, నునుపు, గరుకు, నిలువు, వాలు దానికి స్వరములు. మన పల్లెల నడుమ నిలిపిన బొడ్రాయికి ముక్కును లేదు, చెవియును లేదు. అంతమాత్రమున దానిని ఎవరును వట్టిరాయి అనరు గదా!

పక్షి తరువాత కిమ్ కొయ్య, రాయి, ఇనుము, కంచు మొదలగు ద్రవ్యములన్నిటితోను పనిచేసెను. యుద్ధానంతరమున ఆయన ఇనుపముక్కలను అతికి కూడ శిల్పములు రచించెను. అయితే ఆయన మనస్సు ఎక్కువగా నిలిచినది కొయ్య, రాయి యనువానిపై. ఆయన శిల్పములు చాలవరకు చిన్నవి; బల్లపై నిలుపదగినవి, రెండు చేతులతో ఎత్తదగినవి. పెక్కింటికి కథను సూచించు పేరుకూడ లేదు. కృతి అని వ్రాసి, దాని ప్రక్కన సంవత్సరమును, ఆ సంవత్సరమున అది ఎన్నవదియో అంకెను వేసెడివాడు. చూచువాడు పేరును పట్టుకొని అర్థమును వెదకక, ఎదుటనున్న వస్తువునే చూడవలెనని ఆయన అభిప్రాయము కావచ్చును.

ఒక దుంగ ఆయన ముందున్నదనుకొనుడు. దానికి కణుపులున్నవి. చేవ ఒకప్రక్క చిక్కగాను, ఒకప్రక్క పలుచగాను ఉన్నది. ఎండకు ఒకచోట బీటవారినది. సామాన్యముగా ఇవన్నియు లోపములని తోచును. కణుపులను తప్పించి, బీటను పూడ్చి, తాను ముందుగా అనుకొన్న రూపమును ఆ దుంగపై రుద్దవచ్చును. కిమ్ మార్గము వేరు. దుంగకు ఇప్పటికే ఉన్న ఆకారమును తెలిసికొని, ఆ ఆకారమునకు స్పష్టత నిచ్చుటకు ఎన్ని దెబ్బలు అవసరమో అన్నియే వేయవలెనని ఆయన సంకల్పము. ఒకచోట వాలుగా ఒక కోత, ఒకచోట అంచును సవరించుట, మరియొకచోట కొయ్యను కొయ్యగానే విడుచుట. పని ముగిసిన పిమ్మట చూచువానికి, దీనికింత ఆలోచన యేల, ఇది ఇట్లే దొరికియుండునేమో అని తోచును. అట్లు తోచుటయే ఆయనకు కావలసినది.

ఈ దృష్టి ఆయనకు రెండు దిక్కుల నుండి వచ్చెను. మొదటిది స్వదేశపు వ్రాత. 1786 మొదలు 1856 వరకు జీవించిన కిమ్ జోంగ్ హీ అను మహాపండితుడు, చూసా అను కలముపేరుతో ప్రసిద్ధుడు, కొరియా కుంచెవ్రాతలో అగ్రగణ్యుడు. 1840లో రాజాగ్రహమునకు గురియై చేజు ద్వీపమున ఎనిమిదేండ్లు ప్రవాసమనుభవించెను. ఆయన అక్షరములు అందముగా కుదురుకొనియుండవు. ఒక గీత మొద్దుగా, ఒక గీత పదునుగా, ఒకటి ప్రక్కకు ఒరిగి, మరియొకటి దానిని ఆపుకొనుచు కనబడును. మొదటి చూపునకు అవి అనాగరకముగా తోచినను, తేరిపార చూచినచో ఒక యింటి దూలములు, స్తంభములు వలె ఒకదానినొకటి మోయుచుండును. రెండవ దిక్కు ఐరోపా. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ ప్రకృతిని చిత్రించునప్పుడు పైమెరుగును విడిచి, కొండకు, చెట్టుకు, పండుకు లోపలనున్న నిర్మాణమును వెదకెను. కిమ్ ఈ యిరువురిని కలిపి ఒక వ్యాసము వ్రాసెను. ఒకరు చోసన్ పండితుడు, ఒకరు ఫ్రెంచి చిత్రకారుడు. ఇరువురును పోలికను దాటి నిర్మాణమును పట్టుకొన్నవారని ఆయన భావము.

దీనినిబట్టి ఆయనకు ఆధునికత పరదేశపు వస్త్రము కాలేదని గ్రహింపవచ్చును. పాలకుల నగరములో నేర్చిన విద్యను ఆయన తన తండ్రి నేర్పిన కుంచెతో పరీక్షించుకొనెను. చెక్కకుండుట యను ఆదర్శమునకు కూడ తూర్పుదేశములలో ప్రాచీనమైన మూలమున్నది. చీనా తత్త్వవేత్త లావోట్జు సంప్రదాయమున చెక్కని కొయ్య, కృత్రిమత సోకని సహజ స్థితికి గుర్తు. అతినేర్పు తనను తాను దాచుకొనునని ఆ సంప్రదాయపు నమ్మకము. కాని ఒక విషయము మరువరాదు. చెక్కకుండుట సోమరితనము కాదు. ఏమియు నేర్వనివాడు చెక్కకుండినచో అది వట్టి దుంగయే. ఎంత చెక్కగలడో తెలిసినవాడు ఇంతటితో చాలునని ఉలిని దించినచో, ఆ దించుట వెనుక ముప్పదియేండ్ల అభ్యాసము ఉండును.

ఆ అభ్యాసమును ఆయన శిష్యులకు కూడ నేర్పెను. 1948 మొదలు 1980 వరకు, ముప్పదిరెండేండ్లు, ఒకే విశ్వవిద్యాలయమున పనిచేసెను. తరువాతి తరములో పేరు గాంచిన సోంగ్ యంగ్ సూ, చోయ్ జోంగ్ తే, చోయ్ మన్ లిన్ వంటివారు అక్కడ చదివినవారే. వారి శిల్పములు గురువు శిల్పములకు నకళ్లు కాకపోవుట గురువునకే కీర్తికరము. శిష్యుని కూడ ఆయన తన ఇచ్చవచ్చినట్లు చెక్కదలచలేదు కాబోలు! తన పనిని ప్రకటించుకొనుటయందు ఆయనకు తొందర లేదు. తొలిసారిగా ఆయన శిల్పములు మాత్రమే ఒకచోట ప్రదర్శింపబడినది 1975లో. అప్పటికి ఆయనకు అరువదియేండ్లు.

ఇట్టి మనిషి ప్రభుత్వపు పెద్ద విగ్రహముల పనికి ఎగబడలేదనుటలో వింతలేదు. యుద్ధానంతర కొరియాలో స్మారక విగ్రహములకు కొదవలేదు. వానివలన శిల్పులకు ధనము, పలుకుబడి రెండును లభించుచుండెను. ఆయన బహిరంగ స్మారకములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. వానిలో ఒకటి 1957లో పొహాంగ్ పట్టణమున నిర్మించినది. యుద్ధములో ప్రాణములిడిన విద్యార్థి సైనికులకు అది స్మారకము. ఆ పట్టణములోనే 1950 ఆగస్టు 11న, ఒక బాలికల పాఠశాలయొద్ద 71 మంది విద్యార్థులు శత్రుసేనను ఎదిరించగా, వారిలో 48 మంది నేలకొరిగిరి. తన తరగతిలో కూర్చుండు పిల్లల వయస్సువారికి స్మారకము చేయుట ఒక ఉపాధ్యాయునకు ఎట్టి పనియో మనము ఊహించుకొనవచ్చును.

రెండవది ఇంతకంటె ప్రసిద్ధమైనది. దానిని అర్థము చేసికొనుటకు 1919 మార్చి 1వ తేదీకి పోవలెను. ఆ నాడు 33 మంది కొరియా పెద్దలు తమ దేశము స్వతంత్రమని ప్రకటించుచు ఒక పత్రముపై సంతకములు చేసిరి. సియోల్ నడుమనున్న తాప్గోల్ తోటలో గుమిగూడిన ప్రజల యెదుట ఆ ప్రకటన చదువబడెను. ఆయుధములు లేని జనులు స్వతంత్ర నినాదములతో వీథులలోనికి వచ్చిరి. ఉద్యమము నెలలతరబడి దేశమంతట వ్యాపించెను. పాలకులు దానిని క్రూరముగా అణచివేసిరి. అదే సంవత్సరము ఏప్రిలు 13న మన అమృతసరమున జలియన్‌వాలాబాగు ఘోరము జరిగెనని శ్రోతలకు గుర్తుచేయనక్కరలేదు. జవహర్‌లాల్ నెహ్రూ చెరసాలనుండి కుమార్తెకు ప్రపంచ చరిత్రను గూర్చి వ్రాసిన లేఖలలో కొరియా యువతీయువకుల ఈ పోరాటమును స్మరించియున్నారు.

ఆ తాప్గోల్ తోటలోనే, ప్రజల విరాళములతో, 1963లో మార్చి 1 ఉద్యమ స్మారకము వెలసెను. దానిని రచించినవాడు కిమ్ జోంగ్ యంగ్. ఇందులో ఆయన నైరూప్య రీతిని పట్టుపట్టి నిలుపుకొనలేదు. చేతులెత్తి స్వతంత్ర నినాదము చేయు స్త్రీపురుషులను కంచులో నిలిపెను. ఈ తోటకు వచ్చువారు ఆ నాటి జనుల పిల్లలు, మనుమలు. వారికి తమవారు కనబడవలెను. ఏ పని ఏ రూపమును కోరుచున్నదో ఆ రూపమునిచ్చుట కూడ, వస్తువు సహజస్థితిని గౌరవించుటయే గదా!

పదునారేండ్లు ఆ మూర్తులు అచ్చట నిలిచెను. 1979లో నగరపాలకులు తోటను పునరుద్ధరింప నిశ్చయించి, స్మారకమును విప్పివేసిరి. శిల్పితో ఒక్కమాటయైనను చెప్పలేదు. ఆయన అదే నగరమున, ప్రసిద్ధమైన విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా ఉన్నాడు. వెదకి పట్టుకొనవలసిన మనిషి కాడు. విప్పిన మూర్తులు సామ్‌ఛంగ్ తోటలో ఒక మూలకు చేరి, పట్టించుకొనువారు లేక పడియుండెను. తన పనికి ఏమి గతి పట్టెనో శిల్పి తరువాతగాని ఎరుగడు.

పాలకుల పక్షమున కూడ చెప్పదగినది లేకపోలేదు. నగరములు పెరుగును; తోటలను సవరింపకతప్పదు. ఆ తోటలో ప్రాచీనమైన శిలాగోపురమొకటి ఉన్నది. దాని పరిసరములు ఎట్లుండవలెనని ఆలోచించుట వారి విధియే. స్మారకమును వేరొక చోటికి మార్చుట అన్నిచోట్ల నేరమనలేము. కాని మార్చుటకు ముందు చేసినవానిని పిలిచి అడుగుట, విరాళమిచ్చినవారికి తెలుపుట, విప్పినదానికి తగినచోటు చూపుట, ఈ మూడింటికి ఖర్చు స్వల్పము. ఒక దుంగపై వేటు వేయుటకు ముందు ఇది అవసరమా అని పదిసార్లు తన్ను తాను ప్రశ్నించుకొన్న మనిషి జీవితములో, ఇతరులు ఒక్కసారియైనను అట్లు ప్రశ్నించుకొనక వేటువేసిరి. చెక్కకుండుట యనగా ఏమో ఆయన శిల్పములు చూడనివారికి కూడ ఈ సంఘటన బోధించును. ఎదుటనున్న వస్తువునకు మనకంటె ముందునుండి ఒక జీవితమున్నదని తలచి చేయి ఆపుటయే దాని సారము.

1980లో ఆయన ఉద్యోగవిరమణ చేసెను. ఆ సంవత్సరమే జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో ఆయన జీవితకాలపు కృషిని చూపు ప్రదర్శనము జరిగెను. ఒకవైపు ఈ గౌరవము. మరియొకవైపు మూలపడిన కంచుమూర్తులు. 1982 డిసెంబరు 15న, అరువదియేడవ యేట, ఆయన మరణించెను. స్మారకము తిరిగి నిలుచుటను ఆయన చూడలేదు.

అయినను కథ అంతటితో ముగియలేదు. కళాకారులు ఆ స్మారకమును మరువనీయలేదు. సుమారు పుష్కరకాలము గడచిన పిమ్మట, 1990 దశాబ్దపు తొలినాళ్లలో, సియోల్‌లోని సొదేమున్ స్వాతంత్ర్య వనమున దానిని పునఃప్రతిష్ఠించిరి. ఆ వనము వెలసినచోటు ఏదో తెలిసికొనదగినది. 1908లో తెరచిన కారాగారము అచ్చటనే యుండెను. 1919 ఉద్యమములో పట్టుబడినవారిని వేలాదిగా అందు బంధించిరి. యు గ్వాన్ సున్ అను విద్యార్థిని 1920లో అందులోనే ప్రాణములు విడిచెను. ఒకనాడు అజ్ఞాత రాజకీయ ఖైదీ కొరకు లండనునకు ఒక మూర్తిని పంపిన శిల్పి, మరణానంతరము తన దేశపు రాజకీయ ఖైదీల చెరసాల ప్రక్కకు వచ్చి చేరెను. ఇది ఎవరును ముందుగా ఆలోచించి చేసినది కాదు. కాని ఆ మూర్తులకు అంతకంటె తగిన చోటు దొరకుట కష్టము.

2002లో సియోల్‌లోని ప్యంగ్‌ఛాంగ్ డాంగ్ అను కొండప్రాంతమున ఆయన పేర ఒక ప్రదర్శనశాల వెలసెను. అందు ఆయన శిల్పములతోపాటు చిత్తు గీతలను, కుంచెవ్రాతలను కూడ భద్రపరచియున్నారు. వానిని కలిపి చూచినవారికి, గీత ఆగినచోటను కోత ఆగినచోటను ఒకే చేయి, ఒకే మనస్సు కనబడును.

సియోల్ పోయి వానిని చూచు అవకాశము మనలో కొందరికే కలుగును. తక్కిన మనకు ఒక చిన్న పరీక్ష చాలును. ఈసారి ఏటిగట్టున ఒక గులకరాయి నచ్చి చేతిలోనికి తీసికొన్నప్పుడు, ఇది దేనివలె ఉన్నదని వెంటనే అడుగకుడు. దాని బరువును, చల్లదనమును, ఒరిపిడికి తేలిన వంపును ఒక్క నిమిషము అరచేతితో తెలిసికొనుడు. దానికి ఇంకను ఏమైన చేయవలసియున్నదా అని ఆలోచించుడు. ఏమియు అక్కరలేదని తోచినచో, కిమ్ జోంగ్ యంగ్ ఒక జీవితకాలమున నేర్చిన పాఠములో మొదటి పుట మీరు చదివినట్లే.